రీసెట్ బటనూ, కాణిపాకం ప్రమాణమూ

కొత్త కార్లలో స్పీడోమీటరు పక్కన అప్పుడప్పుడు పసుపు రంగు గుర్తు ఒకటి వెలుగుతుంటుంది, చూశారా? గుర్రపు నాడాలా ఉంటుంది. అడుగున చిన్న చిన్న పళ్ళు, మధ్యలో ఆశ్చర్యార్థకం. మా బంధువుల్లో ఒకాయన దాన్ని కుండ అనుకున్నాడు. ఆయన్ని అనడానికేమీ లేదు, చూస్తే నిజంగా కుండలాగే ఉంటుంది. అసలు సంగతేమిటంటే అది టైరును అడ్డంగా కోసి చూపించిన బొమ్మ. టైర్లలో గాలి తగ్గిందని చెప్పే దీపం అన్నమాట.

సాఫ్ట్‌వేరు ఉద్యోగం అనగానే ఊర్లో మనవాళ్ళు మనకి టీవీ రిమోటు నుంచి ఇన్వర్టరు దాకా అన్నీ తెలుసనుకుంటారు కదా. అలా ఈమధ్య తిరుపతి, చిత్తూరు వెళ్ళినప్పుడల్లా నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "ఆ లైటు ఎట్లా ఆర్పేది?" ఇప్పటిదాకా ఒక్కరు కూడా "ఆ టైర్లో గాలి ఎందుకు తగ్గింది?" అని అడగలేదు. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య ఉన్న తేడా గురించే నేను చెప్పాలనుకుంటున్నది. వినడానికి చిన్న విషయమే, కానీ కుటుంబంతో కొండ దిగేటప్పుడు మాత్రం అంత చిన్నది కాదు.

ముందు ఆ దీపం ఎలా పనిచేస్తుందో చూద్దాం. దీన్ని టీపీఎంఎస్ అంటారు. ఇది రెండు రకాలు.

ఒకటి నేరుగా కొలిచేది. ప్రతి చక్రం లోపల, గాలి కొట్టే వాల్వుకి ఆనుకుని ఒక చిన్న సెన్సరు ఉంటుంది. దాంట్లో ఒక బ్యాటరీ, ఒక చిన్న రేడియో. టైర్లో ఎంత గాలి ఉందో కొలిచి ఆ అంకెను బండికి పంపిస్తుంది. ఇలాంటి బండ్లలో ఏ టైర్లో ఎంత ఉందో స్క్రీను మీద చూసుకోవచ్చు.

రెండోది గాలిని కొలవదు, ఊహిస్తుంది. గాలి తగ్గిన టైరు కొంచెం కుంగుతుంది. కుంగితే దాని చుట్టుకొలత ఒక పిసరు తగ్గుతుంది. అదే దూరం పోవడానికి ఆ చక్రం మిగతా వాటికంటే కొంచెం ఎక్కువ తిరగాలి. ఏ చక్రం ఎంత తిరుగుతోందో ఏబీఎస్ బ్రేకుల కోసం పెట్టిన సెన్సర్లు ఎలాగూ చూస్తూనే ఉంటాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి ఆ సెన్సర్లు ఇప్పుడు అన్నిట్లోనూ ఉన్నాయి. వాటిమీద కాస్త సాఫ్ట్‌వేరు రాస్తే చాలు, చౌకలో హెచ్చరిక దీపం వచ్చేస్తుంది. కొత్తవి చక్రం అదిరే తీరును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఎంత చేసినా ఊహ ఊహే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రెండో రకం బండికి "సరైన గాలి" అంటే ఎంతో ఎలా తెలుస్తుంది? దానికి తెలియదు! మనమే చెప్పాలి. ఎలా చెప్తాం? రీసెట్ బటను నొక్కి. బటను మూడు సెకండ్లు నొక్కిపట్టామంటే "ఈ క్షణంలో నాలుగు చక్రాలూ ఎలా ఉన్నాయో అదే సరైన స్థితి, ఇకమీదట దీంతోనే పోల్చుకో" అని బండికి చెప్పినట్టు. బండి మన మాట నమ్ముతుంది. టైర్లో ముప్పై మూడు పీఎస్ఐ ఉన్నా నమ్ముతుంది, ఇరవై ఉన్నా నమ్ముతుంది.

ఒక లెక్క వేసుకుందాం. మీ బండికి 33 పీఎస్ఐ ఉండాలి. ఇరవై శాతం తగ్గగానే దీపం వెలుగుతుందనుకోండి. అంటే 26 దగ్గర. మీరు గాలి కొట్టించకుండా బటను నొక్కారు. ఇప్పుడు బండి లెక్కలో 26 సరైనది. మళ్ళీ దీపం వెలిగేది 21 దగ్గర. మళ్ళీ నొక్కారు. ఈసారి 17 దగ్గర. మూడుసార్లు వేలు పెడితే సగం గాలి పోయింది, కానీ ఆ మధ్యలో చాలా రోజులు డాష్‌బోర్డు మీద ఒక్క దీపం కూడా లేదు. నిజం బండ్లలో అంకెలు అటూ ఇటూగా ఉంటాయి గానీ జరిగేది మాత్రం ఇదే. గాలి తగ్గినప్పుడల్లా గీతను కూడా కిందికి జరుపుతున్నామన్నమాట.

సాఫ్ట్‌వేరులో పనిచేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బు. ప్రోగ్రాము 5 అని జవాబివ్వాలి, 4 ఇస్తోంది, టెస్టు ఫెయిలైంది. ప్రోగ్రామును సరిచేయాలంటే రెండు రోజులు పడుతుంది. టెస్టులో 5 కొట్టేసి 4 అని రాయడానికి రెండు సెకండ్లు చాలు. అంతా పచ్చగా మారిపోతుంది, మేనేజరు సంతోషిస్తాడు :) ఆ పచ్చదనం విలువ ఏంటో తర్వాత కస్టమరు ఫోను చేసినప్పుడు తెలుస్తుంది. కారు విషయంలో ఆ ఫోను చేసేది కస్టమరు కాదు, 108 వాళ్ళు.

అతిశయోక్తి అనుకుంటారేమో. మా చిన్నమామ సంగతి చెప్తాను.

ఆయన తిరుపతిలో టూరిస్టు బండి తోలుతాడు. రేణిగుంట ఎయిర్‌పోర్టులోనో రైల్వేస్టేషన్లోనో యాత్రికుల్ని ఎక్కించుకుని కొండకి తీసుకెళ్ళి, దర్శనం అయ్యాక శ్రీకాళహస్తికో కాణిపాకానికో తిప్పుకుని వస్తాడు. రెండేళ్ళ కిందట ఒక సెకండ్‌హ్యాండు బండి కొన్నాడు. అమ్మిన మనిషే బటను చూపించి, "సెన్సరు కంప్లైంటన్నా, ఈ లైటు ఊరికే వస్తుంటుంది, నొక్కి పట్టుకుంటే పోతుంది" అని చెప్పాడట. మామకి అది బండితో పాటు వచ్చిన మంత్రం.

పోయిన వేసవిలో నేను ఊరికి వెళ్ళినప్పుడు ఆయనతో చంద్రగిరి దాకా పోయాను. దారిలో దీపం వెలిగింది. చూడకుండానే చెయ్యి బటను మీదికి పోయింది.

"ఏమి మామా, మళ్ళా మళ్ళా వస్తా ఉందా ఆ లైటు?"

"దాని పని అదేరా. పదైదు దినాల్లో ఇది మూడోసారి. నొక్కితే పోతాది."

"గాలి చూపించినావా?"

"కాలితో తన్ని చూసినా. రాయి మాదిరి ఉండాది. నువ్వు గమ్మునుండు."

కాలితో తన్ని చూడటం అనేది లారీల కాలం నుంచి వస్తున్న పద్ధతి. రేడియల్ టైరుకి అది పనికిరాదు. దాని పక్కలు మామూలుగానే కొంచెం ఉబ్బి కనిపిస్తాయి, పది పీఎస్ఐ తగ్గినా కంటికి తేడా తెలియదు, కాలికి అసలే తెలియదు. నా బ్యాగులో పెన్నంత గేజి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చంద్రగిరిలో బండి ఆపించి నాలుగు చక్రాలూ చూశాను. ముందువి రెండూ 36. వెనక కుడివైపు 35. వెనక ఎడమవైపు 22. బండి కొంత దూరం నడిచి ఉంది కాబట్టి టైర్లు వేడిగా ఉన్నాయి, చల్లబడితే ఆ 22 ఇంకా తగ్గుతుంది.

"నీ గేజి చెడిపోయిందేమోరా" అన్నాడు మామ. ఆయన చేతికే ఇచ్చాను. ఆయన రెండుసార్లు చూసుకున్నాడు, రెండుసార్లూ అదే.

పంచరు అంగట్లో సబ్బునీళ్ళు పోస్తే బుడగలు వచ్చాయి. టైరు పట్టీలో ఒక చిన్న స్క్రూ దిగి ఉంది. అంతవరకైతే ఒక స్ట్రిప్పు దూర్చి పంపించేవాళ్ళు. కానీ ఆ అంగడి ఆయన పాతకాలం మనిషి, టైరు విప్పి లోపల చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి తీస్తే వేళ్ళకి కాటుక అంటినట్టు నల్లటి పొడి. తక్కువ గాలితో చాన్నాళ్ళు తిరిగితే టైరు పక్కలు మడతపడీ మడతపడీ లోపలి రబ్బరు అలా పొడిగా రాలుతుంది. పైకి చూస్తే టైరు కొత్తదానిలా ఉంది!

"అన్నా, ఊర్లో తిరిగితే తిరగతాది. కొండకి మాత్రం వద్దు" అన్నాడాయన.

మరుసటి రోజు తెల్లారి మామకి కొండ ట్రిప్పు ఉంది. విజయవాడ నుంచి వస్తున్న కుటుంబం, ఐదుగురు, అందులో ఇద్దరు పిల్లలు. కొత్త టైరు నాలుగు వేల పైమాట. ట్రిప్పు వదులుకుంటే ఆ రోజు కూలి పోతుంది, టైరు కొంటే రెండు మూడు రోజుల కూలి పోతుంది. మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టైరు కొన్నాడు. బిల్లు జేబులో పెట్టుకుంటూ, "లైటు ఆరిపోయింది కదరా, అంతా బాగుండాదనుకుంటి" అన్నాడు.

నేను మామని తప్పుపట్టను. ఆయనకి బండి అమ్మినవాళ్ళు "లైటు ఎలా ఆర్పాలి" అన్నది నేర్పారు, అది ఆయన చక్కగా నేర్చుకున్నాడు. దీపం అనేది ఒక ఇబ్బంది, బటను దానికి మందు. అంతే. దీపం ఏదో చెబుతోందనీ, బటను నొక్కడం అంటే దానికి జవాబివ్వడమనీ ఆయనకి ఎవరూ చెప్పలేదు.

చిత్తూరు జిల్లావాళ్ళకి ఈ సంగతి చెప్పడానికి టెక్నాలజీ భాష అక్కర్లేదు, కాణిపాకం చాలు అని నాకు తర్వాత తట్టింది. డబ్బు దగ్గరో, పొలం గట్టు దగ్గరో తగాదా వచ్చి, ఇద్దరూ నేనంటే నేను కరెక్టు అన్నప్పుడు మన వైపు ఒక మాట వస్తుంది. "కాణిపాకం వస్తావా? ప్రమాణం చేస్తావా?" వరసిద్ధి వినాయకుడి ముందు, కోనేట్లో మునిగి అబద్ధం చెప్పడానికి ఎంత మొండివాడైనా జంకుతాడు. ప్రమాణం దాకా పోకుండా దార్లోనే ఒప్పేసుకున్నవాళ్ళ కథలు మన ఇళ్ళల్లో బోలెడన్ని.

రీసెట్ బటను నొక్కడం సరిగ్గా అలాంటి ప్రమాణమే. "నాలుగు చక్రాల్లోనూ ఉండాల్సినంత గాలి ఉంది, నేను చూశాను, నాది పూచీ." బండికి మన మాటను సరిచూసుకునే దారి లేదు. మనం ఏం చెప్తే దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. చూడకుండా ప్రమాణం చేస్తే ఏమవుతుందో కాణిపాకం విషయంలో అందరికీ తెలుసు, డాష్‌బోర్డు విషయంలోనే మర్చిపోతాం.

ఇక మన వైపే ఇది ఎందుకు ఎక్కువ ముఖ్యమో చెప్తాను. వేడి. టైరు పేలడానికి గాలి ఎక్కువ కావడం కంటే తక్కువ కావడమే పెద్ద కారణం. చాలామందికి ఇది తిరగబడి అర్థమై ఉంటుంది. ఎండాకాలం కదా, గాలి తక్కువ పెట్టించుకుంటే మంచిది అనుకుంటారు. గాలి తక్కువైతే టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువ మడతపడుతుంది, మడతపడే కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కే కొద్దీ లోపలి పొరల అతుకు వదులవుతుంది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ, కింద కాలిపోతున్న రోడ్డు, లోపల ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా లడ్డూలూ సామాన్లూ. ఇంక చెప్పేదేముంది?

అమెరికాలో ఈ దీపం పుట్టుకొచ్చిందే అలాంటి చావుల వల్ల. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ లక్షల టైర్లని వెనక్కి పిలిపించింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. స్పీడులో ఉండగా టైరు పట్టీ ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రమాదాలు టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లోనే జరిగాయి. ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్ఐ, అది తక్కువని టైరు కంపెనీ, టైరే బాగాలేదని కారు కంపెనీ కొట్టుకున్నాయి. ఆ ఏడాది నవంబరులోనే అక్కడి పార్లమెంటు చట్టం తెచ్చింది, కార్లలో టైరు గాలి హెచ్చరిక ఉండాలని.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. రవాణా శాఖ మొదట రాసిన నిబంధనలో, ఊహించే రకం చౌక వ్యవస్థలకి కూడా సరిపోయేలా ఒక వెసులుబాటు పెట్టారు. వినియోగదారుల సంఘాలు కోర్టుకి వెళ్ళాయి. నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే చక్రాలన్నీ ఒకేలా తిరుగుతాయి, పోలికకి తేడానే దొరకదు, అప్పుడు దీపం వెలగదు కదా అని. 2003లో కోర్టు ఆ వెసులుబాటు కొట్టేసింది. చివరికి 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కార్లన్నిటిలో, ఏ టైరైనా, నాలుగూ కలిసైనా ఇరవై ఐదు శాతం తగ్గితే దీపం వెలగాలన్నది చట్టమయింది. యూరపులో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి.

మన దేశంలో ఇది కార్లన్నిటికీ తప్పనిసరి కాదు. కానీ 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ ఒక నోటిఫికేషను ఇచ్చింది. మూడున్నర టన్నులు మించని ప్యాసింజరు బండ్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ హెచ్చరిక దీపం, పంచరు కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదని. చదవగానే చిన్న సవరణలా ఉంటుంది. కానీ ఆలోచించండి, ఒక నిజం చక్రానికి బదులు ఒక దీపాన్ని నమ్ముకోమంటున్నారు. ఆ దీపాన్ని మనం మూడు సెకండ్లలో నోరు మూయించగలం. ఇంకో విచిత్రం ఏమిటంటే అదే ఏడాది జూనులో మన చినపాండూరు దగ్గర అపోలో కంపెనీ పెద్ద టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. టైర్లు తయారుచేసే జిల్లాలో టైర్లో గాలి ఎంతుండాలో చూసుకునే అలవాటు కూడా తయారైతే బాగుండు.

కొండ దారి గురించి కూడా ఒక మాట. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. మామూలుగా రెండో దాంట్లో ఎక్కుతాం, మొదటి దాంట్లో దిగుతాం. దిగేటప్పుడు పదే పదే బ్రేకు వేస్తాం, బ్రేకు వేడి చక్రానికి, చక్రం వేడి టైరుకి పాకుతుంది. అందుకే వేగం తగ్గించడానికి దేవస్థానం వాళ్ళు ఒక నియమం పెట్టారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. బయలుదేరేచోట టైము వేస్తారు, చేరేచోట చూస్తారు. ముందే వస్తే జరిమానా.

ఆ నియమాన్ని మనవాళ్ళు ఎలా పాటిస్తారో మీరు చూసే ఉంటారు. మలుపుల్లో సర్రున దిగిపోయి, చెకింగు ఇంకాస్త దూరంలో ఉందనగా చెట్టు కింద బండి ఆపి, ఫోను చూసుకుంటూ మిగిలిన నిమిషాలు గడిపేస్తారు. చీటీ మీద 40 నిమిషాలు కరెక్టుగా ఉంటుంది! నియమం కోరింది మెల్లగా రమ్మని, మనం ఇచ్చింది అంకె. రీసెట్ బటను కథ కూడా ఇదే. దీపం కోరింది గాలి, మనం ఇచ్చింది వేలు.

"మరి నా బండికి పొద్దున పూట వెలిగి పది గంటలకల్లా దానంతటదే ఆరిపోతుందే, అది సెన్సరు కంప్లైంటు కాదా?" అని అడుగుతారు కొందరు. కాదు. అది మన వాతావరణం. మిట్టమధ్యాహ్నం తిరుపతిలో, వచ్చిన దూరానికి కాగిపోయి ఉన్న టైర్లో 33 పెట్టించారనుకోండి. టైరు లోపల వేడి దాదాపు 57 డిగ్రీలు అనుకుందాం. ఆ రాత్రికి మదనపల్లె పోయి పడుకున్నారు. తెల్లవారుజామున అక్కడ 17 డిగ్రీలు. అదే గాలి, ఒక్క చుక్క కారలేదు, కానీ గేజి చూపించేది 27. పదో తరగతి ఫిజిక్సు, అంతకంటే ఏమీ లేదు. హెచ్చరిక గీతకి ఒకటి రెండు పీఎస్ఐ దూరంలో ఉన్నారు. బండి నడిచి టైరు వేడెక్కగానే మళ్ళీ పెరుగుతుంది, దీపం ఆరిపోతుంది. అంటే దీపం తప్పు చెప్పలేదు, వేడి టైరుకి పెట్టించిన గాలే తక్కువ.

కొండెక్కితే గాలి మారుతుందా అని కూడా అడుగుతారు. తిరుపతి కంటే తిరుమల సుమారు ఏడు వందల మీటర్లు ఎత్తు. పైన బయటి గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ దాకా తక్కువ కాబట్టి గేజి ఆ మేరకి ఎక్కువ చూపించాలి. కానీ పైన చల్లదనం దాంట్లో చాలావరకు వెనక్కి లాగేసుకుంటుంది. కాబట్టి కొండ కోసం గాలి పెంచడం, తగ్గించడం ఏమీ అక్కర్లేదు. బరువుని బట్టి మాత్రం చూసుకోవాలి.

సరే, ఇంతకీ ఆ లైటు ఎలా ఆర్పాలి? ఇదిగో, వరసగా.

1. పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. కనీసం మూడు గంటలు నిలబడి ఉన్న టైరునే చల్లటి టైరు అంటారు. కంపెనీ చెప్పే అంకె దానికే.

2. ఆ అంకె డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపల. ఇద్దరికి ఒకటి, నిండా జనం ఉంటే ఒకటి, రెండు అంకెలుంటాయి. కొండకి ఐదుగురు పోతుంటే రెండోది. టైరు పక్కన అచ్చు వేసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది మనకి లెక్క కాదు.

3. నాలుగూ కొలిచి రాసుకోండి. ఏ టైరైనా నెలకి ఒకటి రెండు పీఎస్ఐ తగ్గడం మామూలే. ఒక్కటే మిగతా వాటికంటే నాలుగైదు తక్కువుంటే అది మామూలు కాదు, అంగడికి పోవాల్సిందే. బాగా తక్కువ గాలితో తిరిగి ఉంటే విప్పించి లోపల చూపించండి. స్టెప్నీ ఉంటే దాన్ని కూడా చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు పాపం.

4. గాలి సరిచేశాక, అప్పుడు రీసెట్. బండి ఆపి, ఇగ్నిషను ఆన్ చేసి, బటను ఉంటే నొక్కి పట్టుకోవడం, లేకపోతే స్క్రీను మెనూలో. ఏ బండికి ఎలాగో మాన్యువల్లో ఉంటుంది. తర్వాత కొంతసేపు మామూలుగా తోలితే కొత్త స్థితిని నేర్చుకుంటుంది. నేరుగా కొలిచే రకం బండ్లలో చాలావాటికి బటనే ఉండదు. గాలి నింపి కొన్ని నిమిషాలు నడిపితే అదే ఆరిపోతుంది.

5. వారంలోపు మళ్ళీ వెలిగితే బటను జోలికి పోవద్దు. ఎక్కడో కారుతోంది. బండి స్టార్టు చేయగానే దీపం ఒక నిమిషం పాటు మిణుకుమిణుకుమని తర్వాత నిలకడగా వెలిగితే మాత్రం చాలా బండ్లలో అది వ్యవస్థలోనే లోపం. సెన్సరు బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. అవి ఐదు నుంచి పదేళ్ళు వస్తాయి.

6. వేడి టైరు గేజి మీద ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయొద్దు. అది చల్లబడితే దానంతటదే దిగుతుంది.

ఇంకో మాట. లోపల సెన్సర్లున్న బండి అయితే పంచరు అంగట్లో టైరు విప్పేముందే చెప్పండి. ఇనప కడ్డీ వాల్వు దగ్గర పెట్టి లాగితే సెన్సరు విరుగుతుంది. విరిగాక ఇద్దరూ ఒకర్నొకరు అనుకోవడం తప్ప లాభముండదు. అసలు హెచ్చరికే లేని పాత బండి అయినా దిగులు లేదు. వాల్వు మూత స్థానంలో బిగించుకునే సెన్సర్లు బయట దొరుకుతున్నాయి. అదీ వద్దంటే రెండు మూడు వందల రూపాయల గేజి, పదిహేను రోజులకోసారి ఐదు నిమిషాలు. దీపం లేని రోజుల్లో మంచి డ్రైవర్లందరూ చేసింది అదే.

నాకు కార్ల కంపెనీల మీద కూడా ఒక ఫిర్యాదుంది. ఏదైనా ఫైలు తీసేయాలంటే కంప్యూటరు కూడా "నిజంగా తీసేయమంటారా?" అని అడుగుతుంది. ఐదుగురి ప్రాణాలున్న చోట మాత్రం ఏ ప్రశ్నా లేకుండా ఒక బటను ఇచ్చి వదిలేశారు. కనీసం "నాలుగు టైర్లలో గాలి సరిచూశారా?" అని స్క్రీను మీద ఒక్క వాక్యం అడగొచ్చు కదా. పదిహేను రోజుల్లో మూడుసార్లు నొక్కితే "ఎక్కడో కారుతున్నట్టుంది, చూపించండి" అని చెప్పొచ్చు కదా. ఆ నాలుగు లైన్ల ప్రోగ్రాము రాయడం పెద్ద పనేమీ కాదు, ఆ పని చేసేవాణ్ణి కాబట్టే చెప్తున్నాను.

అసలు ఆ బటను పేరులోనే చిక్కంతా ఉందనిపిస్తుంది నాకు. "రీసెట్" అంటే మళ్ళీ మొదటికి వచ్చేసినట్టు, అంతా బాగైపోయినట్టు వినిపిస్తుంది. దాని పక్కన తెలుగులో "గాలి నేను చూశాను" అని రాసి ఉంటే, చూడనివాళ్ళ వేలు దాని మీదికి అంత తేలిగ్గా పోతుందా? కనీసం మన చిత్తూరు వైపు పోదని నా నమ్మకం. మీరేమంటారు?